దింపుడు రాయి

"కాళ్ళు ఎటువైపున్నాయి?"

చచ్చిందెవరు, ఎలా చచ్చాడు అని కాక ఇన్‌స్పెక్టర్ కియర్టన్ ముందు ఆ మాట అడిగేసరికి కానిస్టేబుల్ రిమర్ తెల్లబోయాడు. పొగమంచులో ఆ బల్లపరుపు రాయీ, దానిమీద టార్పాలిన్ కప్పిన ఆకారమూ తప్ప చుట్టూ ఏమీ కనిపించడం లేదు. పైన ఎక్కడో ఒక గొర్రె అరిచి ఊరుకుంది.

"ఊరివైపు సార్."

"నువ్వొచ్చేసరికే అలా ఉన్నాడా?"

"అలాగే ఉన్నాడు. పదకొండింటికి పోస్టుమాన్ చూసి నాకు కబురు చేశాడు. ఆ తర్వాత చెయ్యి వేసింది డాక్టర్ లేథమ్ గారొక్కరే. ఆయనా తల మట్టుకే చూశారు."

కియర్టన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతను పుట్టింది ఈ కొండకి అవతలి లోయలోనే. థార్న్‌గిల్ లాంటి ఊళ్ళు అతనికి కొత్త కాదు. తొమ్మిది కొంపలు, చిన్న ప్రార్థన మందిరం, పిట్టగోడల్లేని పాత రాతి వంతెన, దారితప్పిన గొర్రెల్ని తోలే బందెలదొడ్డి. ఊరంటే అంతే. శ్మశానం లేదు. పూర్వం ఎవరు పోయినా ఈ కొండదారినే ఆరు మైళ్ళు మోసుకుపోయి పెద్ద చర్చిలో పాతిపెట్టేవాళ్ళు. మోతగాళ్ళు భుజం మార్చుకోడానికి సగం దారిలో పెట్టెని దింపేది ఈ రాతిమీదే. అందుకే ఇది దింపుడు రాయి. ఎండాకాలంలో కూడా దీనిమీద ఎవరూ కూర్చోరు.

"మా నాయనమ్మ చెప్పేది," అన్నాడు కియర్టన్. "మోసేటప్పుడైనా, దింపేటప్పుడైనా శవం కాళ్ళు చర్చివైపే ఉండాలట. ఇంటివైపు పెడితే పోయినవాడు లేచి నడిచి ఇంటికొచ్చేస్తాడట. ఈ కొండల్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి."

"అయితే తెలియనివాడి పనేనన్నమాట. బయటివాడి పని. నా కేసుకి నువ్వే సాక్ష్యం చెప్తున్నావు కియర్టన్."

మంచులోంచి ఇన్‌స్పెక్టర్ బాసిల్ ట్రెంచ్ బయటికొచ్చాడు. జిల్లా కేంద్రం నుంచి మధ్యాహ్నానికల్లా కారేసుకుని దిగినవాడు. హోదాలో ఇద్దరూ సమానమే. ఆ సంగతి ట్రెంచ్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. తోలు తొడుగుల చేతులు రుద్దుకుంటూ రాయి పక్కన నిలబడ్డాడు.

"ఈ ఊళ్ళో బయటివాడు ఒక్కడే. పోలండువాడు, జిగ్మంట్. యుద్ధం అయ్యాక తన దేశం పోకుండా ఇక్కడే పాలేరుగా ఉండిపోయాడు. కిందటి వారం వాడి కుక్క గొర్రెని కరిచిందని ఈ ఆమోస్ కౌలింగ్ వాణ్ణి నలుగురిలో కడిగేశాడు. తెల్లారకముందు కొండమీద తిరిగానని వాడే ఒప్పుకున్నాడు. ప్రాణం పోయింది తెల్లారకముందే అని డాక్టరు చెప్పారు. ఆ టార్పాలిన్ తీసి చేతులు చూడు, గుండెలమీద ఎంత భక్తిగా పెట్టాడో. కాథలిక్కుల పద్ధతి. వాణ్ణి పట్టి కూర్చోబెట్టాను, సాయంత్రానికి కేసు రాసేస్తున్నా."

కియర్టన్ టార్పాలిన్ తీశాడు. అరవై దాటిన పొట్టి మనిషి ఆమోస్. కళ్ళు ఎవరో మూశారు. టోపీని మడిచి దిండులా తలకింద పెట్టారు. ఎడమ చెవి వెనక ఎముక లోపలికి కుంగింది. ఆ దెబ్బ తప్ప ఒంటిమీద ఇంకేమీ లేదు. ఆ దెబ్బని కప్పుతూ నెరిసిన జుట్టు నీటుగా దువ్వి ఉంది.

"నీ చెయ్యి ఇలా ఇయ్యి ట్రెంచ్. ఆ తొడుగు తీసి."

"ఎందుకు?"

"కరవదులే, ఇయ్యి."

ట్రెంచ్ చేతిని పట్టుకుని శవం భుజంమీద పెట్టాడు కియర్టన్.

"ఎలా ఉంది?"

"పొడిగా ఉంది."

"ఇప్పుడు వీపు కింద."

ట్రెంచ్ చెయ్యి బురదతో బయటికొచ్చింది. దానికి గడ్డిపరకలు అంటుకున్నాయి.

"రాత్రంతా కురిసిన వాన ఎప్పుడాగింది రిమర్?"

"ఎనిమిది దాటాక సార్."

"విన్నావా? తెల్లారకముందు చచ్చి బయట పడుంటే భుజాలు నానిపోయేవి. లోపల చంపి తెచ్చుంటే వీపుకి బురద అంటేది కాదు. ఈ మనిషి తడినేలమీద పడ్డాడు, కానీ వాన ఇతనిమీద పడలేదు. అంటే ఎనిమిది తర్వాతే. ఎనిమిది తర్వాత నీ పోలండువాడు ఎక్కడున్నాడు?"

రిమర్ గొంతు సవరించుకున్నాడు. "వంతెన దగ్గర సార్. పాల లారీ మొరాయిస్తే నేనూ, వాడూ, డ్రైవరూ కలిసి ఏడున్నర నుంచి పదిన్నర దాకా నెట్టాం. ఇందాకే చెబుదామనుకున్నా, ఇన్‌స్పెక్టర్ గారు అడగలేదు."

ట్రెంచ్ మొహం కందగడ్డయింది. "డాక్టరు పొరబడ్డారేమో. పెద్దాయన."

"ముప్ఫై ఏళ్ళు వైద్యం చేసినవాడు తడి, పొడి పొరబడతాడా?"

"లేథమ్ గారి గురించి జాగ్రత్తగా మాట్లాడు. ఆయన్ని ఎరగనివాళ్ళు జిల్లాలో లేరు. ఈ ఊరి చరిత్రంతా తవ్వి తీసినాయన. ఆ బోర్డులన్నీ ఆయన పెట్టించినవే." ట్రెంచ్ రాయి తలాపున పాతిన చెక్కపలకని గడ్డంతో చూపించాడు. నల్లరంగు అక్షరాలు ఇంకా నిగనిగలాడుతున్నాయి.

*'దింపుడు రాయి. 1645 మహమ్మారి ఏట ఊరు దాటనివ్వకపోవడంతో ఈ రాతిమీదే ప్రాణం విడిచిన పనిపిల్ల నేటికీ లాంతరు పట్టుకుని ఈ దారిన తిరుగుతుంది. రాతిని కదిపినవారి ఇంట ఏడాది తిరక్కుండా శవం లేస్తుంది.'*

కియర్టన్ దాన్ని రెండుసార్లు చదివాడు. అవతలి లోయలో అతను పెరిగినన్నాళ్ళూ ఈ కథ వినలేదు. తర్వాత వంగి ఆమోస్ బూట్లు చూశాడు. కొండమీద మనుషులెవరి బూట్లూ ఇవాళ అలా లేవు. మడమ దాకా బురద తుడిచి శుభ్రం చేసి ఉన్నాయి.

"చంపినవాడు బూట్లు తుడవడు," అన్నాడు మెల్లగా. "కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక పెట్టినవాళ్ళు కారు వీళ్ళు. తెలిసే పెట్టారు. ఇతను తిరిగి ఇంటికి రావాలని."

రెండేళ్ళ కిందట తన భార్య శవపేటిక గుమ్మం దాటుతుంటే కాళ్ళు ముందున్నాయా, తల ముందుందా అని కియర్టన్ కూడా చూశాడు. పోలీసువాడు అలాంటివి నమ్మకూడదు. అయినా చూశాడు.

*

కౌలింగ్ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచు వంటగదిలోకి పాకుతోంది. పొయ్యి మండుతున్నా లోపల బయటికన్నా చలిగా ఉంది. బల్ల దగ్గర ఆమోస్ భార్య హెప్జిబా కూర్చుని ఉంది. ఆరడుగుల మనిషి. వెడల్పాటి భుజాలు, కాయలు కాసిన చేతులు. ఆమె పక్కన నిలబడి డాక్టర్ లేథమ్ మందుల సంచి మూస్తున్నాడు. తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు. జబ్బుపడ్డ పిల్లలు ఆ గొంతు వింటే ఏడుపు ఆపేవారని చెప్పుకుంటారు.

"రండి ఇన్‌స్పెక్టర్, మీరైనా చెప్పండి. తలుపు మూయనివ్వడం లేదు. న్యుమోనియా వస్తుంది."

"తలుపు జోలికి రాకండి," అంది హెప్జిబా.

డాక్టరు నిట్టూర్చాడు. "సంచిలో నిద్రమందు అయిపోయింది. ఇంటి దగ్గర కలిపి తెస్తాను. ఆవిణ్ణి ఎక్కువ మాట్లాడించకండి." కియర్టన్ పక్కనుంచి వెళుతూ ఆగాడు. "వంతెనకి పిట్టగోడలు ఎందుకు లేవో తెలుసా మీకు? శవపేటికలు తగలకుండా. ఈ ఊళ్ళో ప్రతి రాయీ చావు కోసం పెట్టిందే."

అతని అడుగుల చప్పుడు మంచులో కలిసిపోయేదాకా కియర్టన్ ఆగాడు. కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"బూట్లు దేంతో తుడిచారమ్మా?"

ఆమె ఉలిక్కిపడలేదు. ఒళ్ళో ఉన్న ఏప్రన్‌ని చూసుకుంది. దాని అంచు బురదతో గట్టిపడింది.

"దీంతోనే. బురద కాళ్ళతో లోపలికొస్తే నేను ఊరుకోనని ఆయనకి తెలుసు."

"ఒక్కరే ఎత్తారా?"

"ఈనలేక పడున్న గొర్రెని భుజాన వేసుకుని కొండ దిగే మనిషిని నాయనా నేను. ఆయనెంత, గుప్పెడు మనిషి. పెళ్ళినాడు మా అత్త అంది, 'వీడు నిన్ను మోస్తాడా, నువ్వు వీణ్ణి మోస్తావా?' అని." ఆమె పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. "టీ పట్టుకుని వెళ్ళాను. రాయి పక్కన పడున్నాడు. ఒళ్ళు వేడి తగ్గలేదు ఇంకా."

"మమ్మల్ని ఎందుకు పిలవలేదు?"

"పిలిస్తే కాళ్ళు అటు తిప్పేస్తారుగా."

"వస్తాడని నమ్ముతున్నారా?"

హెప్జిబా అతన్ని తేరిపారచూసింది. "నువ్వెవర్నైనా పంపావా?"

అడగవలసింది తను, చెప్పవలసింది ఆమె. అది తిరగబడిందని తెలిసీ కియర్టన్ జవాబు చెప్పాడు. "మా ఆవిణ్ణి."

"తలుపు మూశావా?"

"మూశాను."

"అందుకే రాలేదు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. కియర్టన్ తనకి తెలియకుండానే వెనక్కి తిరిగి గుమ్మంలోకి చూశాడు. మంచు తప్ప ఏమీ లేదు.

"ఆమోస్ రాయి దగ్గరికి ఏం పనిమీద వెళ్ళాడు?"

"మొన్నటి వరదకి కింద మన్ను కోసుకుపోయి రాయి ఒరిగింది. తన తాతని దింపిన రాయి అలా పడుంటే చూడలేనన్నాడు. గునపం తీసుకుని బయల్దేరాడు. వద్దన్నాను."

"ఎందుకు వద్దన్నారు? లాంతరు పిల్ల గురించా?"

ఆమె ముక్కుతో నవ్వింది. "లాంతరు పిల్లట! నేను ఇక్కడే పుట్టాను. మా అమ్మా, అమ్మమ్మా ఇక్కడే పుట్టారు. ఆ దారినే పశువుల్ని తోలుకుంటూ పెరిగాను. ఏ పిల్లా లేదు, ఏ లాంతరూ లేదు."

"ఊళ్ళో అందరూ తాతలనాటి కథ అంటున్నారే?"

"ఒకటే మాట పదిసార్లు వింటే తాతే చెప్పినట్టుంటుంది."

"మొదట చెప్పిందెవరు?"

ఆమె వేళ్ళు బల్ల చెక్కమీద గీతల వెంట పోతున్నాయి.

"ఎప్పట్నుంచి వింటున్నారు, అదైనా చెప్పండి."

"యుద్ధం రోజుల్నుంచి. ఐవీ వెళ్ళిపోయాక..." ఆమె నోరు టక్కున మూసుకుంది.

"ఐవీ ఎవరు?"

"ఐవీ బ్లెన్కిన్. మగవాళ్ళంతా యుద్ధానికి పోతే పొలం పనులకి సర్కారు పంపిన ఆడపిల్లల్లో ఒకతె. హల్ రేవుపట్నం నుంచి వచ్చింది. ఆ పక్కగదిలో ఉండేది. ఆవుని చూస్తే భయం దానికి. ఆర్నెల్లు తిరక్కుండా నాకన్నా బాగా పితికేది. మాకు పిల్లల్లేరు. కెనడా విమానాలవాడితో వెళ్ళిపోయిందన్నారు."

"అన్నారా? మీరు చూడలేదా?"

"అన్నారు." ఆమె కళ్ళు అరమీదికి వెళ్ళాయి. అక్కడ రెండు పింగాణీ కప్పుల పక్కన మూడోది, నీలిరంగు అంచుది, బోర్లించి ఉంది. "పదేళ్ళయింది. ఆయన ఇప్పటికీ క్రిస్మస్‌కి దాని కప్పు కడిగి పెడతాడు. వస్తుందేమోనని."

కియర్టన్ లేచాడు. ఆమె దగ్గర రిమర్‌ని ఉంచాలనుకున్నాడు. కానీ రాయి దగ్గర రిమర్ కావాలి. ఆ ఒక్క నిర్ణయం గురించి తర్వాత చాలా ఏళ్ళు ఆలోచించాడతను.

*

శవాన్ని తీసుకుపోయారు. రాయి బోసిగా ఉంది. ట్రెంచ్ సిగరెట్ కాలుస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ముసలావిడ ఏడ్చిందా?"

"లేదు. రిమర్, ఇలా రా. ఈ రాయి ఎత్తాలి."

"నీకేమైనా మతిపోయిందా?" ట్రెంచ్ సిగరెట్ పారేశాడు. "దీని కింద ఏముంటుంది, వానపాములా? పాతకాలపు గుర్తు ఇది. పగిలితే డాక్టరు గారు లండన్ దాకా రాస్తారు. హంతకుణ్ణి పట్టమంటే రాళ్ళు ఎత్తుతావా?"

"కూర్చుని చూడు ఇక్కడ."

రాతికి కొండవైపు అంచున చెయ్యి వెడల్పున గడ్డి పాలిపోయి తెల్లగా ఉంది, ఎండ మొహం ఎరగని గడ్డి. ఇవాళే వెలుగు చూసింది. రెండోవైపు పచ్చనాచు రాతికింద పడి నలిగింది. వెల్లకిలా పడిన మనిషి తల ఆనినచోట ఎండుటాకులు ఎవరో చేత్తో దూసి పోశారు. వాటిని తీస్తే కింద నేల గోధుమరంగులో ఉంది. అది నీళ్ళ మరక కాదు.

"ఆమోస్ ఇక్కడే పడ్డాడు. పడేముందు రాతిని ఒరిగించాడు. తర్వాత ఇంకెవరో హడావుడిగా దాన్ని సరిగ్గా కూర్చోబెట్టకుండా తోసేసి పోయారు. రిమర్, ఆమోస్ గునపం ఏది?"

రిమర్ పొదల్లో వెతికి పట్టుకొచ్చాడు. కియర్టన్ దాన్ని అంచు కింద దోపి ఒళ్ళంతా బిగించి ఎత్తాడు. రాయి జానెడు లేచింది. అంతే. గునపం వదిలితే పడిపోతుంది, పట్టుకుంటే కిందికి చూడలేడు. రిమర్ వచ్చి పక్కన పట్టాడు, చాల్లేదు.

"ట్రెంచ్! రెండో చివర."

ట్రెంచ్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత తోలు తొడుగులు లాగి జేబులో కుక్కుకుని మోకాళ్ళమీద బురదలో కూర్చుని రెండో చివర పట్టాడు. ముగ్గురూ మూలిగారు. రాయి నిలబడింది. రిమర్ బండరాయి ఒకటి ఆపు పెట్టాడు.

కింద గుంటలో ఎవరో మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నట్టున్నారు. ఎముకలకి ఆకుపచ్చ ఉన్ని స్వెట్టర్ ఇంకా అంటుకుని ఉంది. కాళ్ళకి బూట్లున్నాయి.

రిమర్ టోపీ తీసేశాడు. "మహమ్మారి పిల్ల..." అన్నాడు. "నిజంగానే..."

"1645లో రబ్బరు బూట్లు ఎక్కడివి రిమర్?"

ట్రెంచ్ ఆ స్వెట్టర్ వంక చూస్తూ బురద చేతుల్ని తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఈ బోర్డు ఎప్పుడు పెట్టారు?"

"యుద్ధం అయిన ఏడు సార్. డాక్టరు గారు తన చేత్తోనే పాతారు. మొదట ఇదొక్కటే. వంతెన దగ్గరిదీ, దొడ్డి దగ్గరిదీ, మందిరానిదీ అన్నీ తర్వాతే వచ్చాయి. కథ మట్టుకు ఆయన అంతకుముందునుంచీ చెప్పేవారు, పిల్లలకి సరదా కబురులా."

కియర్టన్ ఆ పలకవైపు తిరిగాడు. ఒక్క అబద్ధం ఒంటరిగా నిలబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని లేథమ్ దాని చుట్టూ అరడజను నిజాలు పాతాడు. ఊరికి చరిత్ర రాసిపెట్టాడు. పిల్లనిక్కడ పూడ్చి, ఆ పిల్ల దెయ్యాన్నే కాపలా పెట్టాడు.

"చచ్చిన సమయం తప్పు చెప్పింది పొరబాటున కాదు," అన్నాడు ట్రెంచ్ నెమ్మదిగా. అతను గర్విష్ఠే గాని మూర్ఖుడు కాదు. "నా చేత ఆ పోలండువాణ్ణి..."

"ట్రెంచ్! ఆయన నిద్రమందు కలిపి తెస్తానన్నాడు."

ఇద్దరూ ఒకేసారి పరుగందుకున్నారు. జారే రాళ్ళమీద పడుతూ లేస్తూ దిగుతుంటే కియర్టన్ బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది. రాయి ఒక్కడి వల్ల కాలేదు. ఎత్తి, కింద ఒకరిని పడుకోబెట్టి, మళ్ళీ దింపాలంటే రెండో చివర ఇంకో మనిషి ఉండి తీరాలి.

*

కౌలింగ్ ఇంటి తలుపు మూసి ఉంది.

ఆ తలుపు హెప్జిబా మూయదు. కియర్టన్ భుజంతో ఒక్క తోపు తోశాడు.

ఆమోస్ కుర్చీలో డాక్టర్ లేథమ్ కూర్చున్నాడు. ఎదురుగా హెప్జిబా. రెండు చేతులమధ్య కప్పు. నిండుగానే ఉంది.

"అది కింద పెట్టండమ్మా."

"ఇన్‌స్పెక్టర్, రోగి దగ్గర ఈ కేకలేమిటి?" డాక్టరు లేవలేదు. "నిద్రమందు. అంతే."

"అయితే ముందు మీరో గుక్క తాగండి."

డాక్టరు చిరునవ్వు నవ్వాడు. చెయ్యి చాచి హెప్జిబా చేతుల్లోంచి కప్పు తీసుకున్నాడు, ఎంతో మర్యాదగా. పెదవుల దాకా తీసుకెళ్ళాడు. గుక్క కాదు, మొత్తం తాగబోతున్నాడని కియర్టన్‌కి అర్థమయ్యేలోపే ట్రెంచ్ బల్లమీదుగా దూకాడు. కప్పు గోడకి తగిలి పగిలింది. ట్రెంచ్ బురద చేతులు డాక్టరు మణికట్టుల్ని బిగించి పట్టాయి.

"అంత సులువుగా కాదు డాక్టరుగారూ," అన్నాడు రొప్పుతూ.

లేథమ్ ఆ బురదని చూశాడు. "రాయి ఎత్తారన్నమాట. ఎంతమంది పట్టారు?"

"ముగ్గురం."

"సరిగ్గా పట్టుకుంటే ఇద్దరు చాలు." మెత్తటి గొంతు మారలేదు. "ఒక్కడి వల్ల మట్టుకు కాదు. ఆ రెండో చివర పట్టిందెవరో ఆవిణ్ణే అడగండి."

కియర్టన్ హెప్జిబా వైపు తిరిగాడు. అడగాలనిపించలేదు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి అడగాలనిపించలేదు.

"నేనే," అంది ఆమె.

వెనక వచ్చిన రిమర్ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఐవీకి నెల తప్పింది. ఆ కెనడా కుర్రాడి విమానం సముద్రంలో కూలిపోయింది. ఇంటికి తెలిస్తే చస్తానని ఏడ్చింది. ఈయన ఏదో చేస్తాడని విని నేనే తీసుకెళ్ళాను. చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. సాయంత్రానికి ఈయన బల్లమీదే పోయింది. బయటపడితే నాకూ నీకూ ఉరే అన్నాడు. ఆ రోజు ఆమోస్ సంతకి వెళ్ళాడు. ఇద్దరం మోసుకెళ్ళాం. ఇలాగే మంచు."

"ఆమోస్‌కి..."

"సంతనుంచి వచ్చి ఐవీ ఏదీ అన్నాడు. దానికి రిబ్బను తెచ్చాడు. వెళ్ళిపోయిందన్నాను. ఆ ఒక్క అబద్ధమే ఆడాను. పదేళ్ళు ఆడాను. ఇవాళ గునపం తీసుకుంటే కాళ్ళు పట్టుకున్నాను వద్దని. ఎందుకో చెప్పమన్నాడు. చెప్పలేకపోయాను. ఆయన కొండెక్కాక ఈయన దగ్గరికి పరుగెత్తాను. ఎలాగైనా ఆపమన్నాను." ఆమె డాక్టరు మొహంలోకి చూసింది. "ఆపమన్నాను. నువ్వు ఆపావు."

లేథమ్ చూపు దించుకున్నాడు. ఆ ఇంట్లోకి వచ్చాక అతను చూపు దించడం అదే మొదటిసారి.

"కాళ్ళు ఇటు పెట్టింది పగకి కాదు నాయనా. ఒక్కసారి వస్తే చెబుదామని. ఆ పిల్ల రాదు, ఇంక కప్పు కడగక్కర్లేదు అని. దింపుడు కళ్ళం ఆశ అంటారే, అది." ఆమె కప్పు పెంకుల వంక చూసింది. "అందులో ఏముందో నాకు తెలుసు. తలుపు ఈయన మూస్తుంటే చూస్తూనే ఉన్నాను. తాగాలా, ఆయన వచ్చేదాకా ఆగాలా అని ఆలోచిస్తున్నా."

కియర్టన్ చట్టం చెప్పమన్న మాటలు చెప్పాడు. ఆమె తల ఊపి లేచి మేకుకి ఉన్న కోటు తీసింది. ఒక చెయ్యి తొడుక్కుని ఆగింది.

"ఐవీ వాళ్ళమ్మ బతికుందా?"

"కనుక్కుంటాను."

"యుద్ధం అయ్యాక వచ్చింది. ఇక్కడే కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఎక్కడో సుఖంగానే ఉంటుందిలే అన్నాను. పిల్లని తల్లిలా చూసుకున్నావని నా చేతులు పట్టుకుని ఏడ్చింది." ఆమె తన చేతులు చూసుకుంది. "ఆవిడకి పోలీసులచేత చెప్పించకండి. నన్ను తీసుకెళ్ళండి. ఆ తర్వాత మీరు ఎక్కడ పెడితే అక్కడుంటా."

అది కుదరదు. ఏ రూలు ప్రకారమూ కుదరదు. ట్రెంచ్ ఇప్పుడా మాట అంటాడని కియర్టన్ ఎదురుచూశాడు.

ట్రెంచ్ డాక్టరు చేతులకి బేడీలు వేసి రిమర్‌కి అప్పగించాడు. "ముందు ఆ జిగ్మంట్‌ని వదిలెయ్యి," అన్నాడు. "నా తరఫున ఏదైనా మంచిమాట చెప్పు." తర్వాత ఎవరివంకా చూడకుండా, "నా కారు వంతెన అవతలుంది. హల్ దూరమే. ఇప్పుడు బయల్దేరితే నయం."

ముగ్గురూ బయటికొచ్చారు. ముందు ట్రెంచ్, తర్వాత హెప్జిబా, వెనక కియర్టన్. మంచులో దారి కనిపించడం లేదు, కాళ్ళకింద రాళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. బందెలదొడ్డి దాటాక కియర్టన్ ఆగాడు. ట్రెంచ్ కూడా ఆగి వెనక్కి తిరిగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఆగాక కూడా రాళ్ళమీద ఇద్దరి నడక వినిపిస్తోంది.

ఒకటి హెప్జిబాది. ఆమె ఆగలేదు, ట్రెంచ్‌ని దాటిపోతూ వెనక్కి తిరగనూ లేదు. రెండో అడుగుల చప్పుడు ఆమె పక్కనే, ఆమె అడుగుతో సమంగా సాగుతోంది, పొట్టిమనిషి ఆమె పెద్ద అంగల్ని అందుకుంటూ నడిచినట్టు.

వంతెన ఎక్కబోతూ ఆమె తల కొంచెం పక్కకి వంచి, గొంతు తగ్గించి, చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ రోజు నువ్వు సంతకి వెళ్ళావు చూడు..."